నాక్ సెన్సర్ కోడ్: సెన్సర్ మార్చేముందు చూడాల్సింది వైరు

చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0325 అనే లోపం కోడ్, దాని పక్కన 'నాక్ సెన్సర్ 1 సర్క్యూట్' అని వస్తుంది. నాక్ సెన్సర్ అంటే ఇంజిన్‌లో నాకింగ్ అనే చెడు చప్పుడును వినే పరికరం. చాలా షెడ్లలో ఆ వరుసలో మొదటి రెండు మాటలే చదువుతారు. చివరి మాట 'సర్క్యూట్', అంటే సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా ఉన్న కరెంటు దారి, దాని మీద ఎవరి కన్నూ పడదు. కొత్త సెన్సర్ తెప్పిస్తారు, బిగిస్తారు, కోడ్ చెరిపేసి బండి ఇచ్చేస్తారు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పోయిందేమో అన్న అనుమానం మొదలవుతుంది. ఖర్చు వేలల్లోకి పోతుంది. మొదట చదవకుండా వదిలేసిన ఆ ఒక్క మాట వల్ల వచ్చిన నష్టం ఇది.

ఆ కోడ్ ద్వారా కంప్యూటర్ చెప్పేది చాలా చిన్న విషయం. 'ఈ వైరు మీద నాకు ఉండాల్సిన వోల్టేజీ కనిపించడం లేదు' అంటుంది, అంతే. తప్పు సెన్సర్‌దా, వైర్లను కలిపే కప్లర్‌దా, మధ్యలో ఎలుక కొరికిన చోటుదా అన్నది దానికి తెలియదు. అది తేల్చాల్సింది మనిషే. అందుకు పెద్ద పరికరాలు కూడా అక్కర్లేదు. ఒక మంచి డిజిటల్ మల్టీమీటర్, ఆ బండి సర్వీస్ మాన్యువల్, అరగంట ఓపిక ఉంటే ఎక్కువ కేసులు తేలిపోతాయి.

ముందు అసలు నాకింగ్ అంటే ఏమిటో చూడాలి. ప్లగ్ దగ్గర స్పార్క్ పడ్డాక మంట అక్కడి నుంచి సిలిండర్ అంచుల వైపు పాకుతుంది. పాకే కొద్దీ ముందున్న పెట్రోలు, గాలి మిశ్రమం నలుగుతుంది, వేడెక్కుతుంది. మంట తన దగ్గరికి చేరకముందే ఆ చివరి భాగం తనంతట తానే భగ్గుమంటే ఒత్తిడి తరంగాలు పుట్టి సిలిండర్ గోడలకు కొట్టుకుంటాయి. సిలిండర్ గంటలా మోగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ, పై గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రేకు డబ్బాలో గోలీలు కదిపినట్టు వినిపించే చప్పుడు అదే. ఎక్కువసేపు సాగితే పిస్టన్ అంచులు, రింగులు దెబ్బతింటాయి.

గంట సైజును బట్టి స్వరం మారినట్టే సిలిండర్ వెడల్పును బట్టి ఈ మోత మారుతుంది. దీనికి మెకానిక్‌లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటి ఉంది. 900ని పై విలువతోనూ (3.14), సిలిండర్ వ్యాసార్ధంతోనూ భాగిస్తే కిలోహెర్ట్జ్‌లలో జవాబు వస్తుంది. వ్యాసార్ధం మిల్లీమీటర్లలో తీసుకోవాలి. మన రోడ్ల మీద లెక్కలేనన్ని మారుతి కార్లలో ఉన్న 1197 సీసీ కె సిరీస్ ఇంజిన్ సిలిండర్ వెడల్పు 73 మిల్లీమీటర్లు. అంటే దాని నాకింగ్ సుమారు 7.8 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. 86 మిల్లీమీటర్ల సిలిండర్ అయితే సుమారు 6.7 దగ్గర. కంప్యూటర్ సరిగ్గా ఆ స్వరం కోసమే చెవి పెట్టుకుని ఉంటుంది.

ఆ చెవే నాక్ సెన్సర్. లోపల ఒక పీజోఎలక్ట్రిక్ సెరామిక్ బిళ్ల, దాని మీద కాస్త బరువైన లోహపు రింగు ఉంటాయి. ఇంజిన్ బ్లాక్ కంపిస్తే ఆ రింగు బిళ్లను నొక్కుతుంది, బిళ్ల మిల్లీవోల్టుల్లో కరెంటు పుట్టిస్తుంది. నొక్కితే కొన్ని స్ఫటికాలు కరెంటు పుట్టిస్తాయని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. కార్లలోకి నాక్ సెన్సర్ 1978లో అమెరికాలో బ్యూక్ కంపెనీ టర్బో వీ6 ఇంజిన్‌తో వచ్చింది. నాకింగ్ వినిపించగానే కంప్యూటర్ స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు (ఇంజిన్ క్రాంక్ తిరిగే కోణంలో) ఆలస్యం చేస్తుంది, చప్పుడు ఆగాక మెల్లగా పాత చోటికే తెస్తుంది. ఈ పని రోడ్డు మీద నిమిషానికి ఎన్నోసార్లు జరుగుతున్నా డ్రైవర్‌కు తెలియదు.

చెవి పనిచేయకపోతే? నాకింగ్ ఉందో లేదో తెలియనప్పుడు ఉందనుకునే నడవాలి. అందుకే సర్క్యూట్‌లో తప్పు కనబడగానే చాలా కంపెనీల కంప్యూటర్లు స్పార్క్‌ను బాగా ఆలస్యం చేసి అక్కడే ఉంచేస్తాయి. ఇంజిన్‌కు ప్రమాదం తప్పుతుంది కానీ పికప్ తగ్గుతుంది, మైలేజ్ పడిపోతుంది, సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది. 'బండి నడుస్తోందిగా, లైటే కదా' అని నెలల తరబడి తిరిగేవాళ్లు ఆ నెలలంతా పెట్రోల్ బంకులో అదనంగా కడుతూనే ఉంటారు.

ఇక సర్క్యూట్ సంగతి. సెన్సర్ ఇచ్చేది మిల్లీవోల్టులే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అదీ ఇవ్వదు. మరి వైరు తెగిందో లేదో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? టొయోటా పద్ధతి తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కంప్యూటర్ తన వైపు నుంచి ఒక రెసిస్టర్ గుండా ఈ వైరు మీద 5 వోల్టులు పెడుతుంది. బల్లపరుపుగా ఉండే కొత్త రకం సెన్సర్ లోపల సెరామిక్ బిళ్లకు సమాంతరంగా ఇంకో రెసిస్టర్ ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 120 నుంచి 280 కిలోఓమ్‌ల మధ్య ఉండాలి. రెండూ కలిసి ఆ 5 వోల్టులను పంచుకుంటాయి కాబట్టి వైరు మీద మధ్యస్థంగా, సుమారు రెండున్నర వోల్టులు నిలుస్తాయి. వైరు తెగితే పంచుకునేవాళ్లు ఉండరు, వోల్టేజీ 4.5 దాటి పైకి పోతుంది. అప్పుడు వచ్చేది పీ0328. వైరు ఎర్త్‌కు తగిలితే 0.5 కిందకు పడిపోతుంది. అప్పుడు పీ0327.

అంటే చివరి అంకెలోనే సగం జవాబు ఉంది. 7 వస్తే కిందకు పడింది, 8 వస్తే పైకి పోయింది. 9 వస్తే వచ్చిపోయే తప్పు. 6 వస్తే కథ వేరు, దాని గురించి కాసేపట్లో. వీ ఆకారపు ఇంజిన్లలో రెండో సెన్సర్‌కు ఇవే అర్థాలతో పీ0330 నుంచి పీ0334 వరకు ఉంటాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. వైరు మీద 5 వోల్టులు పెట్టని వ్యవస్థల్లో తెగిన వైరు కూడా 'సిగ్నల్ తక్కువ' కిందే లెక్కకొస్తుంది. కాబట్టి ఆ బండి మాన్యువల్ చూడకుండా అంకెను నమ్మకూడదు.

ఓమ్‌లు కొలవడంలోనూ ఇదే చిక్కు. టొయోటా కొత్త రకంలో సుమారు 200 కిలోఓమ్‌లు రావాలి. నిస్సాన్ సెన్సర్లు చాలావాటిలో 530 నుంచి 590 కిలోఓమ్‌లు. బాష్ మామూలు రకంలో లోపల రెసిస్టర్ లేదు, అది 1 మెగాఓమ్ పైనే ఉంటుంది. చిన్న మీటరులో అయితే 'ఓపెన్' అనే చూపిస్తుంది. టొయోటా పాత ఒంటి వైరు రకంలో పిన్నుకూ సెన్సర్ ఒంటికీ మధ్య అసలు కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి, ఉండకూడదు. ఈ తేడాలు తెలియకుండా మీటరు పెట్టి 'ఏమీ చూపించట్లేదు, సెన్సర్ డెడ్' అని తేల్చేయడం వల్ల బాగున్న సెన్సర్లు ఎన్నో చెత్తబుట్టలోకి పోతున్నాయి.

టొయోటా లాంటి వ్యవస్థలో పీ0327 వచ్చిన బండిని దగ్గర నుంచి చూద్దాం. ఇంజిన్ చల్లారనివ్వాలి. ఒకే వరుసలో నాలుగు సిలిండర్లున్న ఇంజిన్‌లో సెన్సర్ సాధారణంగా బ్లాక్ పక్కన, మధ్య సిలిండర్ల దగ్గర ఉంటుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి కప్లర్ విప్పాలి. వేడికి ఎండిన లాక్ పుటుక్కున విరుగుతుంది కాబట్టి నెమ్మదిగా. విప్పగానే లోపలికి టార్చి వేసి చూడాలి. పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందా, ఆయిల్ చెమ్మ ఉందా, రబ్బరు సీలు జారిపోయిందా, పిన్ను వెనక్కి జరిగిందా. మొన్నీమధ్యే ఇంజిన్‌ను ప్రెషర్ పైపుతో కడిగించారా అని ఓనర్‌ను అడగాల్సింది కూడా ఇప్పుడే. కప్లర్‌లోకి దూరిన నీరు ఇట్టే బయటికి రాదు.

కప్లర్ విప్పి ఉంచే ఇగ్నిషన్ ఆన్ చేసి, స్కానర్‌లో కోడ్ చెరిపి మళ్లీ చదవాలి. ఇంజిన్ నడిస్తేనే ఈ కోడ్ వచ్చే బండి అయితే కాసేపు స్టార్ట్ చేసి చూడాలి. ఇప్పుడు పీ0328 వస్తే వైరింగ్, కంప్యూటర్ రెండూ బాగున్నట్టే. సెన్సర్‌ను తీసేయగానే వోల్టేజీ పైకి లేచింది, అంటే కిందకు లాగుతున్నది సెన్సరే, లేదా దాని కప్లర్‌లో చేరిన తడి. సెన్సర్ విప్పినా పీ0327 అలాగే ఉంటే షార్ట్ వైరులో ఉంది. ఈ స్థితిలో కొత్త సెన్సర్ కొనడం డబ్బు పారేసుకోవడమే. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

తర్వాత మీటరు. వైరింగ్ వైపు కప్లర్ రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టేజీ 4.5 నుంచి 5.5 మధ్య రావాలి. ఇక్కడ టెస్ట్ బల్బు పెట్టకూడదు. 200 కిలోఓమ్‌ల వెనక నుంచి వచ్చే కరెంటు బల్బును వెలిగించలేదు, అది చూసి వైరు తెగిందని పొరబడతారు. 5 వోల్టులు వస్తే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 200 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఆ పిన్నుల మధ్య తాత్కాలికంగా పెట్టాలి. వోల్టేజీ దాదాపు సగానికి దిగితే ఇక్కడి నుంచి కంప్యూటర్ దాకా దారి బాగుంది. అసలు 5 వోల్టులే రాకపోయినా, వచ్చినవి దిగకపోయినా కంప్యూటర్ వైపు కప్లర్ తీసి, రెండు కొసల మధ్య వైరు ఒక ఓమ్ కంటే తక్కువ ఉందో లేదో, వైరుకూ బాడీకీ మధ్య లీకు ఉందో లేదో చూడాలి. చూస్తూ వైరును అక్కడక్కడ చేత్తో కదపాలి. బెండు తిరిగే చోట, క్లిప్ పట్టే చోట, బ్రాకెట్ అంచుకు రాసుకునే చోట మీటరు అంకె ఎగిరితే దొరికినట్టే.

వానాకాలంలో మాత్రమే, లేదా పొద్దున్నే మాత్రమే లైటు వెలిగే బండ్లు ఉంటాయి. వాటిని అర్థం చేసుకోవాలంటే ఈ సర్క్యూట్ స్వభావం తెలియాలి. హెడ్‌లైట్ వైరు మీద కాస్త తడి చేరితే ఏమీ కాదు, ఆ సర్క్యూట్‌లో ప్రవహించే కరెంటు ముందు ఆ లీకు లెక్కలోకి రాదు. ఇక్కడ ప్రతిదీ వందల కిలోఓమ్‌లలో ఉంది. కంప్యూటర్ వైపు 200, సెన్సర్ వైపు 200 అనుకుంటే, ఎలుక పైతొడుగు కొరికిన చోట తడి 20 కిలోఓమ్‌ల దారి ఏర్పరిస్తే చాలు, వైరు మీద వోల్టేజీ రెండున్నర నుంచి 0.42కి పడిపోతుంది. రాగి తీగ తెగలేదు, కళ్లకు పెద్దగా ఏమీ కనిపించదు, మధ్యాహ్నానికి ఎండకు ఆరిపోయి అంతా బాగైపోతుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి తప్పు ఉండదు. ఇలాంటి బండి వైరింగ్ మీద స్ప్రే సీసాతో కాస్త నీళ్లు చల్లి, మీటరు చూస్తూ కూర్చోవడమే మార్గం.

ఎలుకల సంగతి వచ్చింది కాబట్టి రిపేరు గురించి కూడా చెప్పాలి. నాక్ సెన్సర్ వైరు మామూలు వైరు కాదు. సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ఒక జి (భూమి గురుత్వాకర్షణంత) కంపనానికి బాష్ సెన్సర్ ఇచ్చేది సుమారు 26 మిల్లీవోల్టులు. పక్కనే ఇగ్నిషన్ కాయిల్స్ వేల వోల్టులతో ఉంటాయి. అందుకే సిగ్నల్ వైరు చుట్టూ అల్లికలాంటి లోహపు తొడుగు, అంటే షీల్డ్, ఉంటుంది. ఆ షీల్డ్ సాధారణంగా కంప్యూటర్ వైపు మాత్రమే ఎర్త్ అవుతుంది. కొరికిన చోట మామూలు వైరు ముక్క అతికి ఇన్సులేషన్ టేప్ చుడితే వోల్టేజీ పరీక్షలో అంతా బాగానే ఉంటుంది, కోడ్ కూడా పోతుంది. కానీ కాయిల్స్ పుట్టించే కరెంటు అలజడంతా ఆ ముక్కలోకి దూరుతుంది. కంప్యూటర్ లేని నాకింగ్ విని స్పార్క్ ఆలస్యం చేస్తుంది. కొన్నాళ్లకు పీ0326 రావచ్చు. షీల్డ్ ఉన్న వైరే వాడి, సోల్డర్ చేసి, షీల్డ్‌ను కలిపి, దాన్ని కాయిల్స్ దారికి దూరంగా కట్టాలి. ఈ పనికి అరగంట ఎక్కువ పడుతుంది, ఆ అరగంట కస్టమర్‌ను అడిగి తీసుకోవచ్చు.

ఇప్పుడు పీ0326. ఈ కోడ్‌లో కరెంటు లెక్కలు సరిపోయాయి. వినిపిస్తున్న చప్పుడే నమ్మేలా లేదని కంప్యూటర్ అంటోంది. ఇంజిన్ స్పీడ్ పెరిగే కొద్దీ మామూలు చప్పుడు పెరగాలి, పెరగడం లేదు. లేదా ఎప్పుడూ విపరీతంగా ఉంది. మొదటిది చాలావరకు బిగింపు లోపం. బోల్టు టార్క్ (బిగింపు బలం) బాష్ రకానికి సుమారు 20 న్యూటన్ మీటర్లు. వదులుగా ఉంటే కంపనం అందదు, పానాతో బలమంతా పెట్టి బిగిస్తే సెరామిక్ పగులుతుంది. సెన్సర్ కింద బ్లాక్ శుభ్రంగా, ఉత్త లోహంగా ఉండాలి. తుప్పు, రంగు, సిలికాన్, వాషర్, ఏదీ మధ్యలో ఉండకూడదు. వాషర్ వేస్తే గట్టిగా ఉంటుందని అనుకునేవాళ్లున్నారు, దానివల్ల సెన్సర్ చెవిలో దూది పెట్టినట్టు అవుతుంది. కింద పడిన నాక్ సెన్సర్ పైకి బాగానే కనిపించినా వాడొద్దని నిస్సాన్ మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది.

చప్పుడు ఎక్కువైతే సెన్సర్‌ను అనుమానించే ముందు ఇంజిన్‌ను వినాలి. టప్పెట్లు, సాగిన టైమింగ్ చైన్, వదులైన ఏసీ కంప్రెసర్ బ్రాకెట్, ఆల్టర్నేటర్ బేరింగ్, బోల్టు ఊడిన హీట్ షీల్డ్, ఇవన్నీ బ్లాక్‌ను మోగిస్తాయి. నిజమైన నాకింగ్ కూడా అయి ఉండొచ్చు. పిస్టన్ మీద మసి పేరుకోవడం, కూలెంట్ తగ్గి ఇంజిన్ వేడెక్కడం, గాలి లీకై మిశ్రమం పలచబడటం, తప్పు హీట్ రేంజ్ ప్లగ్గులు దానికి కారణాలు. అప్పుడు సెన్సర్ తన పని తాను సరిగ్గా చేస్తోంది. దాన్ని మార్చడం నిప్పు అంటుకుందని అరిచినవాడి నోరు మూయించడం లాంటిది. పెట్రోల్‌ను తిట్టడం కూడా మనకు అలవాటు. ఆ మాట అనేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే శక్తిని చెప్పే అంకె, సుమారు 108. కలిపిన ఇథనాల్ ఇంధనంతో వచ్చే ఇబ్బందులు ఏవైనా ఉండొచ్చు గానీ, నాకింగ్ విషయంలో అది ఇంజిన్‌కు సాయమే చేస్తుంది.

సెన్సర్ వింటోందో లేదో చూడటానికి దాని పక్కన బ్లాక్ మీద చిన్న పానాతో తట్టడం పాత పద్ధతి. స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్‌తో చూస్తే పాత బండ్లలో స్పార్క్ వెంటనే ఆలస్యమయ్యేది. కొత్త బండ్లలో ఇది మోసం చేస్తుంది. కంప్యూటర్ ఎప్పుడూ వినదు. పిస్టన్ పైకి వచ్చి దిగడం మొదలుపెట్టాక సుమారు 60, 70 డిగ్రీల వరకే చెవి తెరుస్తుంది. ఆ సందులో తట్టు పడకపోతే స్కానర్‌లో ఏమీ కదలదు, సెన్సర్ మాత్రం బాగానే ఉంటుంది. వోల్టేజీని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ పెట్టి నేరుగా సెన్సర్ వైర్లమీద చూడటం మేలు. తట్టిన ప్రతిసారీ గీత ఎగిరి మెల్లగా సద్దుమణగాలి. ఇంజిన్ నడుస్తుంటే గీత గడ్డిమోపులా ఉండి, రేస్ చేసే కొద్దీ మందమవ్వాలి.

సెన్సరే పోయే ఇంజిన్లు లేవని కాదు. అమెరికాకు చదువుకు వెళ్లిన తెలుగు పిల్లలు మొదట కొనే సెకండ్ హ్యాండ్ కార్లలో పాత వీ6 క్యామ్రీ, సియెన్నా లాంటివి ఉంటాయి. వాటిలోని 3 లీటర్ల 1ఎంజెడ్-ఎఫ్ఈ ఇంజిన్‌కు పీ0325, పీ0330 పాత పరిచయాలు. రెండు సెన్సర్లూ వీ లోయలో, అంటే రెండు సిలిండర్ వరుసల మధ్య, గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కింద ఉడుకుతూ ఉంటాయి. వాటిని కలిపే చిన్న వైర్ల కట్ట కూడా ఆ వేడికి కర్రలా బిగుసుకుపోతుంది. కోడ్ ఉన్నంతకాలం ఓవర్‌డ్రైవ్ గేరు (అన్నిటికన్నా పై గేరు) పడని బండ్లూ వీటిలో ఉన్నాయి. గేర్‌బాక్స్ పోయిందని ఓనర్లు బెంబేలెత్తుతారు. ఇక్కడ మేనిఫోల్డ్ విప్పాల్సిందే, పూట పని. విప్పాక పాడైన ఒక్కటే మార్చి మూసేయడం తెలివి కాదు. రెండు సెన్సర్లు, ఆ వైర్ల కట్ట, గ్యాస్కెట్లు అన్నీ ఒకేసారి మార్చాలి. 1999 నుంచి కొన్నేళ్ల పాటు వచ్చిన జనరల్ మోటార్స్ 5.3 లీటర్ల ట్రక్కుల్లో ఇలాంటి చోటే, వెనక సెన్సర్ గుంటలోకి నీరు చేరి తుప్పు పడుతుంది. దాని చుట్టూ సీలెంట్‌తో చిన్న గట్టు కట్టమని కంపెనీయే సూచించింది.

మేనిఫోల్డ్ విప్పడానికి బద్ధకించి కొందరు బాగున్న సెన్సర్ వైరునే కంప్యూటర్ వైపు రెండు సెన్సర్ల పిన్నులకూ కలిపేస్తారు. ఇంకొందరు సెన్సర్ ప్లేసులో రెసిస్టర్ పెట్టి టేప్ చుడతారు. పరీక్ష కోసం ఐదు నిమిషాలు పెట్టిన రెసిస్టర్‌ను అలాగే వదిలేసి బండి ఇవ్వడం మోసమే. లైటు ఆరుతుంది, స్పార్క్ తిరిగి ముందుకు వస్తుంది, పికప్ వస్తుంది, నాకింగ్ వస్తే వినే చెవి మాత్రం ఉండదు. కోడ్ ఉన్నప్పుడు కనీసం ఆలస్యపు స్పార్క్ ఇంజిన్‌ను కాపాడేది. ఇప్పుడు ఆ కాపలా కూడా లేదు. ఎండాకాలంలో నిండు లోడుతో ఘాట్ ఎక్కే రోజు ఆ పిస్టన్లకు దిక్కెవరు?

రిపేరు అయ్యాక కోడ్ చెరిపి, బండిని గేటు దాకా నడిపి ఇవ్వడం చాలదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఒకరు నడపాలి, పక్కన ఒకరు స్కానర్ చూడాలి. మూడో గేరులో 2000 నుంచి 3000 ఆర్‌పీఎం మధ్య, ఎత్తు రోడ్డు మీద, యాక్సిలరేటర్ బాగా తొక్కి చూడాలి. స్పార్క్ ఎంత ఆలస్యమవుతోందో చెప్పే నాక్ రిటార్డ్ అంకె ఒకటి రెండు డిగ్రీలు కదిలి తిరిగి సున్నాకు వస్తే కంగారు పడాల్సిన పని లేదు, కంప్యూటర్ మళ్లీ వినడం మొదలుపెట్టిందన్నమాట. పది డిగ్రీల దగ్గర అతుక్కుపోతే బండిని వెనక్కి తిప్పి, ఈసారి బ్రాకెట్ బోల్టుల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.